చుక్కావు పాలు

రంగూన్, బోటాటౌంగ్,
1926 ఆగస్టు 9

నా భార్య కనకరత్నానికి యాకోబు రాసేది. ప్రభువు దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వు, చిన్నోడు, మీ అమ్మ క్షేమమని తలుస్తాను.

నీ జాబు అందింది. ఇక్కడ నెల రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. మన పిల్ల రాజ్యం సమాధికి సున్నం వేయించాను. కబేలాలో నా పని మారలేదు. కోసిన పశువు దవడ కింద, ఊపిరితిత్తుల దగ్గర, పొదుగు పైన ఉండే, రోగమొస్తే వాచే బిళ్ళలు చీల్చి పశువుల డాక్టరుకు చూపిస్తాను. రోగముంటే ఆ మాంసానికి ముద్ర వెయ్యరు, కిరసనాయిలు పోసి కాల్చేస్తాం. మన చుక్కావు ఎలా ఉందని అడిగావు. వట్టిపోయింది. అహ్లోన్‌లో ఒక పాలవాడికి ఇచ్చాను, బాగానే ఉంది.

ఊళ్ళో ఎవరూ మీ ఇంట మంచినీళ్ళు ముట్టడం లేదన్నావు. మెడ నిండా బిళ్ళలు కట్టి రాజ్యం పోయినప్పుడు, ఆ క్షయ మీ అమ్మ వంశంలోదని సంఘపెద్దకు రాసింది నేనే. చంకలో చిన్నోడితో నిన్ను ఓడ ఎక్కించిందీ నేనే.

చుక్కావు గురించి పైన రాసింది అబద్ధం. దాన్ని కసాయి బేరగాడికి అమ్మేశాను. మొన్న మంగళవారం నా కత్తి కిందికే వచ్చింది. తల పక్కనే పడి ఉంది, నుదుట చుక్కతో. పొదుగు బిళ్ళ చీలిస్తే కత్తికి ఇసుక తగిలినట్టు కరకరలాడింది. లోపలంతా జున్నులా పసుపుపచ్చగా ఉంది.

"ఏటి యాకోబూ, సెయ్యాడదేటి?" అన్నాడు పక్కనున్న అప్పయ్య.

డాక్టరు వంగి చూశాడు. "దీని పాలు పచ్చివి తాగినవాళ్ళ గతి ఏమైందో" అన్నాడు.

అప్పట్లో రాజ్యానికి నువ్వు పాలు కాచి పడతానన్నావు. "కాసిన పాలల్లో బలమేటుంటాది, గుమ్మపాలే పట్టు" అని గిన్నె తన్నేసి నిన్ను కొట్టాను. రోజూ పొద్దున్నే పొదుగు దగ్గర కూర్చోబెట్టి, పిల్ల వద్దని పెదాలు బిగిస్తే ముక్కు మూసి తాగించాను.

ఇంకొకటుంది. పాలు కాచే తాగండని డాక్టరు అప్పుడే మా అందరికీ చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే నీది పైచెయ్యి అవుతుందని చెప్పలేదు.

నీకు చదువు రాదు గనక దీన్నీ సంఘపెద్దే చదువుతాడు. పెద్దగారూ, అప్పటి జాబు ఎంత గట్టిగా చదివారో ఇదీ అంతే గట్టిగా, సంఘమంతా వినేటట్టు చదవండి.

చిన్నోడికి పాలు కాచి పట్టాలా, పచ్చివా అని అడిగించావు. నన్ను అడగకు.

ఇట్లు,
రాజ్యం తండ్రి
యాకోబు