తుపాకీకి పోయిన మిషను స్క్రూ

మామయ్యా,

అన్నం, పప్పుచారు మూతపెట్టి ఉన్నాయి, వేడి చేసుకొని తినండి. మీరు బాగుచేస్తున్న ఆ పాత ఎన్‌సీసీ తుపాకీకి నూనె రాసి మళ్లీ డాబా మీద ఎండబెట్టకండి. ఎదురింటి వనజక్క నిన్న చూసి, "మీ ఇంట్లకు అన్నలు గిట్ట వచ్చిండ్రా ఏంది?" అని వణికిపోయింది. అది డ్రిల్లుది, పేలదని నచ్చజెప్పేసరికి నా నోరు నొప్పెట్టింది.

దాని బెల్టు కొక్కేనికి ఎక్కడా దొరకని స్క్రూ మీకెక్కడ దొరికిందో ఇప్పుడు తెలిసింది. పొద్దున నా కుట్టుమిషను తొక్కగానే సూది ఊడిపడింది! దసరా జాకెట్లన్నీ ఆగిపోయాయి.

మీ తుపాకీకి వేరే స్క్రూ వెతకడానికే కొత్తగూడెం బజారుకు వెళ్తున్నాను. నేను వచ్చేలోపు నాది నా మిషనులో ఉండాలి.

మధులత

ఆయుధపూజలో మొదటి బొట్టు మిషనుకే. తుపాకీకి రెండోది, అదీ మీరు అటెన్షన్‌లో నిలబడితేనే పెడతాను.