మంచు ఆరని రెండు గంటలు

దారుస్సలాం,
మార్చి 4.

ప్రియమైన సికుజువా అక్కకు,

ఫోన్‌లో నీ గొంతు వింటే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. పన్నెండేళ్ళ కిందట ముహేజా ఆసుపత్రిలో మనం చేసిన పని గుర్తుందా? మలేరియా పిల్లలకు రోజుకు రెండుసార్లు, పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం రెండుకీ, నువ్వు రక్తం తీసి, తీసిన వేళ పుస్తకంలో రాసేదానివి. ఆ లెక్కలతో రాసిన వ్యాసమే నన్ను ఇంతదాన్ని చేసింది. నా పేరున ముప్పై ఒక్క వ్యాసాలున్నాయి. అందులో ముప్పైటినీ కలిపి తోటి పరిశోధకులు పేర్కొన్నది రెండొందల సార్లు కూడా లేదు. ఆ ఒక్కదాన్నే ఆరువందల నలభై సార్లు పేర్కొన్నారు. నన్ను ప్రొఫెసర్‌ని చేయాలా వద్దా అని వచ్చే నెల కూర్చునే పెద్దలు చూసేది ఆ అంకెనే.

పోయిన వారం మ్వాంజా నుంచి ఒక పరిశోధకురాలు అసలు పుస్తకం చూపించమని అడిగింది. తీశాను. మొదటి పేజీలోనే నీ చేతిరాత: "రెండు గంటలు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు." మన ఇళ్ళలో పొద్దు పొడిచినప్పటి నుంచి గంటలు లెక్కపెడతాం కదా, నువ్వూ అలాగే రాశావు. మన రెండంటే గోడ గడియారంలో పొద్దున ఎనిమిది. మన ఎనిమిదంటే మధ్యాహ్నం రెండు. నేనేమో అన్నీ గడియారం లెక్కే అనుకున్నాను. ఉదయాన్ని మధ్యాహ్నం చేసి, "మధ్యాహ్నం రక్తంలో క్రిములు ఎక్కువ" అని లోకమంతా చాటాను. తక్కిన పేజీల్లో తేల్చుకుందామంటే అంకెలు, వాటి పక్కన నువ్వు ఊసుపోక చుట్టిన సున్నలు తప్ప ఏమీ లేవు.

పుస్తకం చెదలు తినేసిందని చెప్పేద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. సిగ్గేస్తోంది. వ్యాసం వెనక్కి తీసుకుంటానని పత్రికకు ఉత్తరం రాసిపెట్టాను. నీకు చెప్పాక పంపుదామని ఆగాను. తప్పు నీది కాదు, అడగని నాది. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ వ్యాసం మీద ఐదుగురి పేర్లున్నాయి. వాళ్ళలో ఇద్దరు ముహేజా మొహమైనా చూడలేదు. నీ పేరు లేదు. చివర "సిబ్బందికి కృతజ్ఞతలు" అని సరిపెట్టాను. ఆ సంగతి ఇన్నేళ్ళూ నన్ను తొలుస్తూనే ఉంది.

నీ
నైమా

ముహేజా,
మార్చి 9.

డాక్టరమ్మా,

నీ ఉత్తరం బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు. చదివి ముందు నవ్వాను, తరవాత తిట్టాను. ఇంత చదువు చదివి, ఒక్క మాట అడగకుండా ఏడవడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?

ఆ మొదటి రోజు వార్డులో ఏమన్నావో మరిచిపోయావా? "అక్కా, ఇది ఇంటి లెక్క! ఇక్కడ గోడ గడియారం చూసి రాయి, లేకపోతే నా కొంప మునుగుతుంది" అని నర్సులందరి ముందూ కసిరావు. నేను మూతి ముడుచుకుని, "చిత్తం డాక్టరమ్మా, నీ గోడకో సలాం" అన్నాను. ఇక వాళ్ళు నన్ను నెల్లాళ్ళు "గోడ సలాం" అనే పిలిచారు. అంత అవమానం ఎలా మరిచిపోతాను? ఆ ఒక్క పేజీయే మన ఇంటి లెక్క, తక్కినదంతా గోడ లెక్కే. ఆ రోజు తీసిన రక్తం నువ్వే పారబోయించావు.

నా మాట నమ్మకపోతే ఆ సున్నలు చూడు. అవి ఊసుపోక చుట్టినవి కావు తల్లీ, జావ కప్పులు. పొద్దున సూది గుచ్చాక పిల్లలకు తలా ఒక కప్పు జావ పోసేదాన్ని. తాగిన వాళ్ళ పక్కన సున్న చుట్టేదాన్ని. మధ్యాహ్నం ఎవరికీ పోయలేదు. సున్న ఎనిమిది పక్కనుందో, రెండు పక్కనుందో చూసుకో.

పేరు సంగతంటావా, నొచ్చుకున్నాను. ఎందుకు దాచాలి? మా మేనకోడలు ఆ వ్యాసం చదివి "నువ్వెక్కడున్నావత్తా?" అంటే, "సిబ్బందిలో ఉన్నానే, వెతుక్కో" అన్నాను.

సికుజువా

దారుస్సలాం,
ఏప్రిల్ 20.

అక్కా,

పుస్తకమంతా వేలు పెట్టి చూశాను. మొదటి పేజీ దాటాక ప్రతి సున్నా ఎనిమిది పక్కనే ఉంది. రెండు పక్కన ఒక్కటీ లేదు. ఆ రోజు చాలా రోజుల తరవాత కడుపునిండా తిన్నాను. సున్నల అర్థం కూడా రాసి పుస్తకం మ్వాంజా పరిశోధకురాలికి పంపాను. ఆమె లెక్కలన్నీ మళ్ళీ వేసి, సరిపోయాయని రాసింది.

పత్రికకు రాసిన ఉత్తరం చించేసి ఇంకొకటి పంపాను. ఒక పేరు తప్పిపోయింది, చేర్చండి అని. మిగతా నలుగురూ సంతకాలు పెట్టారు. ఒకాయన మాత్రం "నర్సు పేరా?" అని గొణిగాడు. "ఆ నర్సు చుట్టిన సున్నలే లేకపోతే మీ పేరూ నా పేరూ ఈపాటికి గంగలో కలిసేవి" అన్నాను. వెంటనే కలం తీసి పెట్టాడు. పెద్దలు ఎల్లుండి కూర్చుంటారు. ప్రొఫెసర్‌ని చేసినా చేయకపోయినా నాకిప్పుడు నిద్ర పడుతోంది.

నీ పేరున ఒకే ఒక్క వ్యాసం, దానికి ఈ నెల ఇంకొకటి చేరి ఆరువందల నలభై ఒక్క ప్రస్తావనలు. సగటు తీస్తే నాకంటే నువ్వే గొప్ప. పత్రిక వాళ్ళ జవాబు ఇవాళే వచ్చింది. ఇక సిబ్బందిలో వెతుక్కోనక్కర్లేదని మీ మేనకోడలికి చెప్పు. పైనుంచి రెండో పేరు నీదే.

నీ గోడ గడియారం,
నైమా