నందివర్ధనం పూలు, గేటు మీద కెమెరా

శుక్రవారం, పడుకునే ముందు

ఈయన గేటు మీద కెమెరా పెట్టించి వారం కాలేదు, అప్పుడే దొంగను పట్టేశారు. ఎవరంటే ఎదురింటి సత్యవతి గారు. తెల్లవారుతుండగా మా గోడ మీంచి వీధిలోకి వాలిన నందివర్ధనం కొమ్మ వంచి, పూజకు నాలుగు పూలు కోసుకున్నారు. ఎనిమిదేళ్లుగా కోసుకుంటూనే ఉన్నారు. పూజకు పూలు అడిగి కోసుకునేవాళ్లు ఈ రాజమండ్రిలో ఎవరున్నారు? ఆవిడ పెరట్లో కరివేపాకు నేను అడిగే తెంపుతున్నానా?

ఆ వీడియో తీసుకెళ్లి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు ఈ మహానుభావుడు. అదేంటండీ అంటే, "దొంగ అని రాయలేదుగా. కెమెరా ఎంత క్లియర్‌గా ఉందో చూపించానంతే" అంటారు.

మధ్యాహ్నం ఆవిడ వచ్చి గేటు బయటే నిలబడ్డారు. బజారులో కొన్న పూల పొట్లం నా చేతిలో పెట్టి, "మీ పూలకు బదులండి. రేపట్నుంచి కొనుక్కుంటాను లెండి" అన్నారు. లోపలికి రమ్మంటే ఒకసారి కెమెరా వైపు చూసి, కొంగు సర్దుకుని వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూలు దేవుడికి పెట్టడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం చారు పొయ్యి మీద పెట్టి, అలవాటు కొద్దీ కరివేపాకు కోసం వాళ్ల గేటు దాకా వెళ్లాను. గొళ్లెం మీద చెయ్యి వేశానో లేదో, రెండో చేతిలో ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి ఈయన.

"ఎదురింటి దగ్గర ఏం చేస్తున్నావు?"

ఉత్త చేతులతో వచ్చేశాను.

రాత్రి చారు కలుపుకుంటూ, "కరివేపాకు వెయ్యలేదేంటి?" అన్నారు.

కెమెరాలో చూసుకోమన్నాను.