రాళ్ల సందుల్లో గడ్డి

శ్రీవారికి,

నమస్కారాలు. నేనూ పాపా కులాసా. అత్తయ్య సంగతి కింద వివరంగా రాస్తాను. కరెంటు టవర్లు ఎక్కేటప్పుడు నడుముకు బెల్టు మరవడం లేదని తలుస్తాను.

ముందు మీరడిగిన వాటికి జవాబు. పెరటి గుమ్మం ముందు మీరు పరిచిన రాళ్లు ఒక్కటీ కదల్లేదు. గడ్డి మాత్రం ప్రతి సందులోనూ తలెత్తింది. మరుగుతున్న నీళ్లు పోశాను. పైన ఆకు మాడింది కానీ, వారం తిరక్కుండానే వేళ్ల నుంచి చిగురించి నన్ను వెక్కిరించింది. ఉప్పు చల్లుదామంటే పక్కింటి తాపీమేస్త్రీ, "వద్దమ్మా, వానకి ఆ ఉప్పు పాదులోకి దిగితే మీ నిమ్మచెట్టు చచ్చిపోతుంది" అన్నాడు. వాన వెలిశాక, మట్టి మెత్తగా ఉన్నప్పుడే వేరుతో సహా పీకి, సందుల్లోకి ఇసుక చీపురుతో కూరాలట. అలాగే చేస్తున్నాం.

మీరు కొనమన్న గడ్డిమందు కొనలేదు. ఆ సందుల్లో రోజూ వేళ్లు పెట్టేది అత్తయ్య. ఎందుకో చెప్పాలంటే దాచిన మాట బయటపెట్టాలి. కోప్పడకుండా చదవండి.

మీరు వెళ్లిన కొన్నాళ్లకే అత్తయ్య మిషను మీద జాకెట్టు కుడుతూ పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ప్రాణానికి భయం లేదన్నారు. నడక వచ్చింది, కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. "వాడికి రాశావంటే నా మీద ఒట్టే. పని వదిలేసి పరిగెత్తుకొస్తాడు" అన్నారు. నోరు కుట్టేసుకున్నాను. "అత్తయ్య బాగున్నారు" అని మీకు రాసిన ప్రతిసారీ అన్నం సయించేది కాదు.

వ్యాయామం చేయించే అమ్మాయి పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. "నేనేమన్నా చంటిపిల్లనా?" అని ఎడంచేత్తో గిరాటేశారు. ఆ తర్వాత ఎవరితోనూ మాటల్లేవు. పెరటి మెట్టు మీద కూర్చుంటే కూర్చున్నట్టే. ఓ రోజు నేను గడ్డి పీకుతుంటే ఉన్నట్టుండి, "అలా తుంపకే! మొదలంటా పట్టుకో" అంటూ కిందికి దిగారు. ఎడంచేత్తో కుడిచేతి వేళ్లను గడ్డి మొదట్లో ఆనించి లాగారు. ఆకులు జారిపోయాయి. తిట్టుకుంటూ మళ్లీ పట్టారు. ఆ పూట ఒక్క మొక్కా రాలేదు. మర్నాడు నేను లేచేసరికే అక్కడ ఉన్నారు.

నిమ్మచెట్టు వైపు వరసలు పీకడం మానేశాను. ఆవిడ కనిపెట్టేశారు. "నాకోసం వదులుతున్నావా? సరే, అటు చెయ్యి పెట్టకు. అది నాది" అన్నారు.

మీరు సెలవుకి వచ్చి సందులన్నీ సిమెంటుతో పూడ్చేస్తానన్నారు. ఆ ఆలోచన మానుకోండి. అత్తయ్య మళ్లీ సూది పడతారో లేదో డాక్టరు తేల్చి చెప్పలేదు. మిషను మీద ముసుగు ఇంకా తియ్యలేదు. కానీ నిన్న జరిగింది రాయకుండా ఉండలేను.

వంగి ఇసుక చిమ్ముతున్నాను. "ఆ మూల వదిలేశావేం?" అంటూ వెనకనుంచి నా జబ్బ మీద గిల్లారు. చురుక్కుమంది. "అబ్బా, అత్తయ్యా!" అని అరిచి తిరిగి చూస్తే, ఆవిడ తన కుడిచేతికేసే చూసుకుంటున్నారు.

"నొప్పెట్టిందా?" అన్నారు, మెల్లగా.

"ప్రాణం పోయింది!"

"ఏదీ, ఇటు తిరుగు" అని ఇంకోసారి గిల్లారు.

ఇట్లు,
మీ ఇల్లాలు