కంప్యూటరే ఎందుకంటే

మే 11, ఆదివారం

తమ్ముడు గేమ్ కన్సోల్ తెచ్చాడు. సెకండ్ హ్యాండ్‌ది. నెల్లూరులో ఎవరో అమ్ముతుంటే కొన్నాడట. మా అల్లూరు దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు, పసిబిడ్డను తెచ్చినట్టు. రొయ్యల మేత కంపెనీలో చేరాక అజ్మల్ తన కోసం కొనుక్కున్న మొదటి వస్తువు ఇదే. అమ్మ చూస్తున్న సీరియల్ ఆపించి మరీ టీవీకి తగిలించాడు. రాక్కా, ఫుట్‌బాల్ ఆడదాం, నువ్వా నేనా తేల్చుకుందాం అన్నాడు.

ఆడాం. ఫస్టాఫ్‌లో నేనే ముందున్నాను. సెకండాఫ్‌లో నా ఎడమ బొటనవేలు ఆగిపోయింది. నొప్పి లేదు. తిమ్మిరి లేదు. కంట్రోలర్ మీద స్టిక్‌ను ముందుకు నెట్టమంటే నెట్టలేదు, అంతే. నా ప్లేయరు గ్రౌండు మధ్యలో దిష్టిబొమ్మలా నిలబడిపోయాడు. అజ్మల్ పడీపడీ నవ్వాడు. ఏందక్కా, మీవోడు నిద్రపోయినాడా అన్నాడు.

బోర్ కొడుతోందని చెప్పి లేచి వచ్చేశాను.

మే 12

ఇవాళ బాగానే ఉంది. ఊరగాయ సీసా మూత తీశాను. మళ్లీ మూసి, మళ్లీ తీశాను. ఎండల నీరసం, ఇంకేం కాదు.

మే 14, మధ్యాహ్నం

ఏం కాదని రాస్తే ఏం కాకుండా పోతుందా?

నాయన సంగతి ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాస్తాను. నాయన పేరు సుభాని. ఈ ఊళ్లో టైలరు. ఆయనకు మొదట కత్తెర మీద పట్టు తప్పింది. బొటనవేలు. తర్వాత చెయ్యి, ఆ తర్వాత రెండో చెయ్యి, కాళ్లు, చివరికి మెతుకు మింగడం. నరాల జబ్బు, దీనికి మందు లేదు అన్నాడు నెల్లూరు డాక్టరు. నాకప్పుడు పదిహేనేళ్లు. అజ్మల్ నాకంటే ఐదేళ్లు చిన్న. అంతకు ముందు మా పెదనాయన కూడా అట్లాగే పోయాడు. ఆయనదీ కుట్టుపనే.

అందుకని మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. అది కత్తెర తెచ్చిన జబ్బు. పొద్దస్తమానం గుడ్డ కత్తిరించి కత్తిరించి నరం చచ్చిపోయింది. డాక్టరు చెప్పింది ఎవరూ చెవిన వేసుకోలేదు. నాయన పోయి నలభయ్యో దినం కాగానే అమ్మ కుట్టుమిషన్, కత్తెర్లు అన్నీ అమ్మేసింది. మా ఇద్దరినీ కత్తెర ముట్టనివ్వలేదు. స్కూల్లో క్రాఫ్టు పీరియడ్‌కు కూడా వద్దని టీచరుతో పోట్లాడి వచ్చింది. నాకు కంప్యూటరు కొనిచ్చింది, కత్తెర లేని పని నేర్చుకోమని. నా ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికల డిజైన్లు, గేమ్స్, అన్నీ మా అమ్మ భయంలోంచి వచ్చినవే.

నేను కత్తెర ముట్టుకోలేదు. మరి నా వేలికేమైంది?

మే 15

గూగుల్ చూడకూడదనుకున్నాను. చూశాను.

మే 18, ఆదివారం

అజ్మల్ మళ్లీ మ్యాచ్‌కు పిలిచాడు. వాడి ఫ్రెండు పెంచల్ కూడా వచ్చి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నేను కంప్యూటరు మీద తప్ప ఆడనన్నాను. ఏం, ఎందుకు ఆడవు అని ఇద్దరూ నిలదీశారు. ఇక లెక్చర్ దంచాను.

మౌస్‌తో పెట్టిన గురి ఆ పుల్లతో కుదురుతుందా? కంప్యూటరు గేములకు సేల్ వస్తుంది, ఓపిక పడితే టీ ఖర్చుకు ఒక గేమ్ దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో ఆడాలంటే వేరే చందా అక్కర్లేదు. మోడ్స్ వేసుకుని గేమ్ రూపమే మార్చుకోవచ్చు. నా లారీ గేమ్‌లో లారీ వెనక హారన్ ప్లీజ్, కింద నిమ్మకాయ నేనే డిజైన్ చేసి పెట్టుకున్నాను. కాలేజీలో ఉండగా కొన్న గేమ్ ఇప్పటికీ నడుస్తుంది. ర్యామ్ చాలకపోతే ర్యామ్ ఒక్కటే మారుస్తాం, డబ్బా అంతా పారేయం. పైగా పగలు అన్నం పెట్టేదీ అదే, సాయంత్రం ఆడించేదీ అదే. మీ డబ్బా ఒక్క పెళ్లిపత్రిక వేస్తుందా అని అడిగాను.

పెంచల్ ఒప్పుకోలేదు. కుర్చీలో నిటారుగా కూసోని ఆడేది ఆట కాదక్కా, ఆఫీసు అన్నాడు. మేమైతే పండుకోని ఆడతాం, పెద్ద టీవీ, పక్కన మనిషి, అదీ మజా అన్నాడు. అజ్మల్ మాత్రం, అదంతా కాదురా, ఓడిపోతానని అక్కకు భయం అన్నాడు.

భయమే. నేను చెప్పినవన్నీ నిజాలే. చెప్పనిది ఒకటుంది. కంట్రోలర్‌కు రెండు బొటనవేళ్లు కావాలి. ఎడమది నడిపించాలి, కుడిది బటన్లు నొక్కాలి. కంప్యూటరులో ఎడమ బొటనవేలికి ఉన్న పని స్పేస్ బార్ ఒక్కటే. దాన్ని కూడా నిన్న సెట్టింగ్స్‌లోకి వెళ్లి మౌస్ పక్క బటన్‌కు మార్చేశాను. ఇప్పుడు ఆ వేలు పని లేకుండా ఊరికే ఉంటుంది. ఎవరికీ తెలియదు. ఆడుతున్నంతసేపు నాకూ తెలియదు.

మే 27

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ తగ్గింది. కుడిచేతిది ఉబ్బెత్తుగా ఉంది, ఎడమది పల్చగా ఉంది. కిటికీ దగ్గర వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

నాయన చేతిలో అక్కడ గుంట ఉండేది. ఆయన మంచాన పడ్డాక అజ్మల్ ఆ గుంటలో బఠాణీ పెట్టి ఆడేవాడు. నాయన నవ్వేవాడు. అమ్మ లేచి వెళ్లిపోయేది. ఎందుకు వెళ్లిపోయేదో ఇప్పుడు అర్థమవుతోంది.

నాకు చాలా భయంగా ఉంది. ఎక్కడా అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చావు కంటే కూడా, అమ్మ ఇంకోసారి అదంతా చూడాలి కదా, దాని గురించి భయంగా ఉంది.

జూన్ 3

ప్రమీలమ్మగారు మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కోసం వచ్చింది. ఫోటోలో పిల్ల ఇంకొంచెం తెల్లగా ఉండాలట. పిల్ల బాగుందండీ, తెలుపు చేస్తే జ్వరం వచ్చినట్టుంటుంది అన్నాను. ఆమె వినలేదు. టీ గ్లాసు ఆమెకు అందించబోయి జారవిడిచాను.

గ్లాసు కాలిందన్నాను. అమ్మ తుడవడానికి గుడ్డ తెచ్చింది. నేల తుడుస్తూ తలెత్తి నా చేతి వైపు చూసింది. గుడ్డ పిండుకుని లేచి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

జూన్ 8

నిన్న బక్రీద్. బిర్యానీ చెంచాతో తిన్నాను. కుడిచేత్తో తినడానికేమైందే అని అమ్మ అడిగింది, గోళ్లకు కొత్తగా గోరింటాకు పెట్టుకున్నానని చెప్పాను. నిజానికి కుడిచెయ్యి బాగానే ఉంది. దాన్ని కూడా దాచిపెట్టడం అలవాటైపోతోంది. పిచ్చిదాన్ని.

ఇవాళ అజ్మల్ ఇంకో కంట్రోలర్ కొనుక్కొచ్చాడు. చిన్నదట, ఆడవాళ్ల చేతికి సరిపోతుందట. నీ కోసమే అక్కా, అది పెద్దదని నువ్వు ఆడటంల్యా కదా అన్నాడు. నేను నానా మాటలన్నాను. నీకేం పని లేదా, నా బుర్ర తినడానికే పుట్టావా అన్నాను. వాడు డబ్బా మూసి మంచం కిందికి తోశాడు.

తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

జూన్ 16

నెల్లూరులో నరాల డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నాను. జూలై పదో తేదీకి దొరికింది. నాయనను చూపించిన ఆస్పత్రే. వేరే చోటు వెతికాను కానీ, కండరాల టెస్టు తొందరగా చేసేది అక్కడే. ఇంట్లో ప్రింటరు కొనడానికి వెళ్తున్నానని చెబుతాను.

టెస్టులో సూది గుచ్చి కండ మాట వింటారట.

జూన్ 22, ఆదివారం

ఇవాళ కాస్త సంతోషమైన సంగతి. గెలిచాను!

అజ్మల్ కంప్యూటరుకు మారిపోయాడు. వారం నుంచీ నేను వంటింట్లో ఉన్నప్పుడు వచ్చి నా కుర్చీలో కూర్చుంటున్నాడు. ఇవాళ తనే ఒప్పుకున్నాడు. నువ్వు చెప్పిందే నిజం అక్కా, మౌస్‌తో ఆడితే ఆ గురే వేరు అన్నాడు. పెంచల్ వచ్చి ఒక్కడే టీవీ ముందు కూర్చుని కాసేపు ఆడి, తోడు లేని ఆట ఎందుకని లేచిపోయాడు. కన్సోల్ మీద అమ్మ టవల్ ఆరేసింది.

నా లెక్చర్‌లో అంత దమ్ముందని నాకే తెలియదు. వాడికి కీబోర్డు నేర్పిస్తూ సాయంత్రమంతా నవ్వుకున్నాం. చేతి సంగతి కాసేపు మర్చిపోయాను.

జూన్ 29

చర్మం కింద ఏదో కదులుతోంది. బుట్టలో రొయ్య కదిలినట్టు. చూస్తుంటే ఆగుతుంది.

జూలై 7, సోమవారం

రొట్టెల పండగకు నెల్లూరు వెళ్లాం. బారాషహీద్ దర్గా, పక్కన స్వర్ణాల చెరువు, ఇసుక వేస్తే రాలనంత జనం. పోయినేడు కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు. ఈ ఏడు కోరుకునేవాళ్లు తీసుకుని అక్కడే తింటారు. ఏ కోరికకు ఏ చోటో బోర్డులుంటాయి. నీళ్లలో దిగితే మోకాళ్లు పట్టేస్తాయని అమ్మ గట్టున కూర్చుంది. కూర్చునే ఆర్డర్లు వేసింది. నేను పెళ్లి రొట్టె పట్టాలి, అజ్మల్ ఉద్యోగం రొట్టె పట్టాలి, పర్మనెంట్ కావాలని.

పెళ్లి బోర్డు వైపు నడిచాను. అమ్మకు కనబడనంత దూరం పోయాక జనంలో కలిసి ఆరోగ్య రొట్టె వైపు తిరిగాను.

అజ్మల్ అక్కడ ఉన్నాడు.

ఒక పెద్దామె వాడికి రొట్టె ఇస్తోంది. వాడు ఎడమచెయ్యి చాపాడు. యాడైనా రొట్టె ఎడంచేత్తో తీసుకుంటారా నాయనా, కుడిచెయ్యి పట్టు అని ఆమె మందలించింది. కుడిచెయ్యి చాపాడు. వేళ్లతో పట్టుకోలేదు. అరచెయ్యి వెల్లకిలా పెట్టి అందులో పెట్టించుకున్నాడు. తిరిగేసరికి ఎదురుగా నేను.

అమ్మ మోకాళ్ల కోసం అన్నాడు. నేనూ అందుకే వచ్చానన్నాను.

ఆమె నాకూ ఒక రొట్టె ఇచ్చింది. ఇద్దరం మోకాలి లోతు నీళ్లలో పక్కపక్కనే నిలబడి తిన్నాం. నా కోసం కోరుకుందామని వచ్చినదాన్ని, ఒక్క ముక్క కూడా నా కోసం తినలేదు.

జూలై 8

ఇవాళ తలుపు వేసి, చెయ్యి చూపించరా అన్నాను. చాలాసేపు చూపించలేదు. తర్వాత చూపించాడు.

కుడి బొటనవేలు. మే నెలాఖరు నుంచట. కంట్రోలర్ ఎక్కువ నొక్కి నొక్కి వచ్చిందనుకున్నాడు. అది మానేస్తే పోతుందిలే అని కంప్యూటరుకు మారాడు. మౌస్ పట్టుకుంటే చాలక్కా, బొటనవేలితో పన్లేదు, నువ్వే చెప్పినావు గదా గురి బాగుంటదని, ఆ మాటే నీకు తిప్పి చెప్పినా అన్నాడు. మా ఇంటి తీరే అంత. చేతిలో ఏముంటే దాని మీద నేరం వేస్తాం. నాయనకు కత్తెర, వాడికి కంట్రోలర్.

నా చెయ్యి వాడికి చూపించాను. ఇది ఆటవల్లనే అయ్యుంటది గదా అక్కా, ఇద్దరం ఎక్కువ ఆడినాం గదా అన్నాడు. అవునన్నాను. ఇంకోసారి అడిగాడు. అవునురా, ఆటవల్లనే అన్నాను. అబద్ధమో నిజమో నాకూ తెలియదు. నిజం కావాలని ఒళ్లంతా కోరుకుంటోంది.

నాకొక్కదానికే అనుకున్నప్పుడు భయమనుకున్నాను. అది భయమే కాదు. వీడు ఇరవయ్యొక్కేళ్లవాడు. నవ్వితే అచ్చం నాయనే.

పదో తేదీన వాణ్ణి కూడా తీసుకెళ్తాను. ఆస్పత్రికి ఫోన్ చేసి వాడి పేరూ రాయించాను. ప్రింటరు బరువుంటుంది, మోయడానికి తమ్ముడు కావాలని అమ్మతో చెప్పాను. సరేనంది.

జూలై 10, పొద్దున

బయల్దేరుతుంటే అమ్మ బురఖా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వాకిట్లో కూర్చుని ఉంది. ముగ్గురికీ ఇడ్లీ కట్టింది. ప్రింటరుకు నువ్వెందుకమ్మా అన్నాను.

మీ నాయన్ని తీసకపోయింది నేనే గదమ్మా, ఆ ఆస్పత్రికి దారి నాకు తెలుసు అంది.