మాహ్లన్ చెయ్యి ఇవ్వని ఆదివారం

చెల్లెలు టేసీకి,

చిన్నన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ కోళ్ళూ క్షేమం. అక్కడ నువ్వూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. నిజానికి ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. మూడుసార్లు కలం పట్టి, మూడుసార్లూ లేచి పొయ్యిలో కట్టెలు సర్దాను.

"నీ ఉత్తరంలో అడిగింది తప్ప అన్నీ ఉంటాయి" అని దెప్పావు. సరే, అడిగినవే చెబుతాను. మందిరం కప్పు కారడం లేదు. నాన్న సమాధిరాయి నిటారుగానే ఉంది. రోడ్డవతలి మందిరం సంగతి అడిగావు. ముత్తాతల కాలంలో దేవుడి దగ్గర పేచీ వచ్చి మననుంచి విడిపోయిన సాటి క్వేకర్లు కట్టుకున్నది కదా! రెండింటికీ కలిపి ఇప్పుడు ఒకే ఇత్తడి పలక వేశారు, చారిత్రక ప్రాంతమని. రెండు వందల ఏళ్ళు మొహాలు చూసుకోని వాళ్ళను నాలుగు మేకులు కలిపాయి. అది చూసి పెద్దన్నయ్య మాహ్లన్, "బతికుండగానే మన నెత్తిన పలక కొట్టేశార్రా, ఎనోస్!" అన్నాడు.

ఇక అసలు మాట. అన్నయ్య బాధపడ్డాడా, చివర్లో ఏమైనా అన్నాడా అన్నావు. కిందటి ఉత్తరంలో క్షణంలో పోయాడని రాశాను. అబద్ధం. అబద్ధమాడం కనుకే ఒట్టు కూడా వెయ్యని ఇంట్లో పుట్టి, ఆ మాట రాశాను.

ఆ ఆదివారం మందిరంలో మౌన ప్రార్థనకు మేమిద్దరమే. "గురక పెట్టకురోయ్, దేవుడేమన్నా చెబితే వినబడదు" అని నన్నెప్పటిలా ఆటపట్టించి, ఎదుటి బెంచీలో పెద్దల చోట కూర్చున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. అరగంటకు గట్టిగా ఊపిరి పీల్చాడు. లోపల దేవుడి మాట పుట్టి, లేచి చెప్పబోయే ముందు అన్నయ్య తీసే ఊపిరి నీకూ తెలుసు. పదకొండేళ్ళుగా మందిరంలో నోరు విప్పని మనిషి. కళ్ళు తెరిస్తే ఆ మాట బెదిరిపోతుందని తెరవలేదు. ఊపిరి ఇంకా గట్టిగా వచ్చింది. నాకు సంతోషం వేసింది, టేసీ. తరవాత ఏమీ వినబడలేదు. మాట కూడదీసుకుంటున్నాడనుకున్నాను.

గంట దాటింది. పెద్దవాడు లేచి కరచాలనానికి చెయ్యి ఇస్తేగాని మన సమావేశం ముగియదు. అన్నయ్య ఇవ్వలేదు. చివరికి నేనే లేచి వెళ్ళి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"కాస్త ముందుగా పిలిచి ఉంటే..." అని డాక్టరు ఆగిపోయాడు. మిగతాది నేనే పూర్తి చేసుకుంటున్నాను, రోజూ.

మొన్న ఆదివారం ఒక్కణ్ణే కూర్చున్నాను. గంటయింది, రెండయింది. ముగించడానికి చెయ్యి లేదు. ఆ పలక వేసినవాళ్ళ తరఫున కిటికీలు కొలిచే మనిషెవరో టేపు పట్టుకుని లోపలికొచ్చాడు. లేచి అతని చెయ్యి పట్టి ఊపాను. తన పేరేదో చెప్పాడు. ఇంటికొచ్చి సూపు వేడి చేసుకున్నాను.

ఇట్లు,
నీ చిన్నన్నయ్య
ఎనోస్