తువ్వాలు కింద వేళ్లు

1942 మే, బుధవారం

కాళ్లు పీకేత్తన్నాయి. విశాఖలో బాంబులు పడ్డ కాణ్ణించి మా మరదలు రాజ్యానికి కొత్తమొహమల్లా జపాను గూఢచారే. ఇయ్యాళ బెల్లం మార్కెట్లో ఒకడి వెనకాల పొద్దంతా నన్ను తిప్పింది. వాడూ ఇంకొకడూ తువ్వాలు కింద చేతులు పెట్టి, మాటా పలుకూ లేకుండా వేళ్లు నొక్కుకుంటన్నారు.

"అదే రహస్య భాష, బావా!" అంది.

కాటా కాడ కూలీ నవ్వేడు. "బెల్లం బేరమమ్మా. ధర పక్కోడికి తెలీకుండా అలాగే సెప్పుకుంటారు."

సిగ్గుపడి బండెక్కేం. ముందు కూర్చుని తోలుతున్నది రాజ్యం వాళ్ల నాన్నే. వెనకాల రాజ్యం నా తువ్వాలు లాగి, దాని కింద నా వేళ్లు గట్టిగా నొక్కింది.

"ఏటే ఇది?"

"పక్కోళ్లకి తెలీకూడదు."

రేపు రావికమతం వాళ్లు దాన్ని పెళ్లిచూపులు చూసుకోడానికి వత్తన్నారు. తిరిగి నొక్కడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు ఒక్కణ్ణే కూర్చుని, తువ్వాలు కింద నా వేళ్లు నేనే నొక్కుకుంటన్నాను.